కూర్చున్న బొమ్మ

"నువ్వూ కూర్చోవచ్చు కదా" అంటారు మా ఆయన, రోజూ భోజనాల దగ్గర. అంటూనే ఖాళీ అయిన మంచినీళ్ళ గ్లాసు నావైపు జరుపుతారు. ఆయన మంచివాడే. అందరూ అంటారు, మా అమ్మతో సహా. నేను గ్లాసు నింపుకొచ్చేసరికి మా అత్తగారు "నిన్నెవరు నిలబడమన్నారమ్మాయ్, నీకే కుదురు లేదు గానీ" అంటారు. నాకే కుదురు లేదేమో అనుకుంటూ ఇన్నేళ్ళూ వంటగట్టుకు ఆనుకుని నిలబడే తింటున్నాను. అందులో ఒక సుఖం కూడా ఉంది. మళ్ళీ లేవనక్కర్లేదు.

బడిలో పిల్లలకి కంప్యూటర్లో బొమ్మలకు కదలిక ఇవ్వడం నేర్పుతాను. "బొమ్మలాడించడానికి కూడా జీతమిస్తున్నారు, రోజులు మారాయి" అని మా అత్తగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతో అంటారు. నేనూ వాళ్ళతో పాటు నవ్వుతాను. నవ్వకపోతే ఉడుక్కుందంటారు. పైగా ఆవిడ మాట నాకు గుచ్చుకునేది అబద్ధమైనందుకు కాదు. నేర్పడం అంటున్నానే గానీ నేను నేర్పేదేముంది? ఒక కంపెనీ మా బడికి రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మింది. టెంప్లేట్లంటారు వాటిని. ఇల్లు, వాకిలి, మనుషులు, వాళ్ళ నడకలు అన్నీ ముందే చేసి పెట్టి ఉంటాయి. పిల్లలు బట్టల రంగు మార్చి, కింద పేరు రాసి, ప్లే నొక్కుతారు. ఖాళీలు పూరించడం లాంటి పని. పెళ్ళికి ముందు నేను ఈ విద్యను ఒక్కో బొమ్మా చేత్తో గీసుకుంటూ నేర్చుకున్నాను. రెప్ప ఎంత నెమ్మదిగా వాలితే నిద్రో, ఎంత త్వరగా వాలితే ఉలికిపాటో నాకు తెలుసు. ఆ చదువంతా ఇప్పుడు "రంగు మార్చండర్రా, ఇంకేం ముట్టుకోకండి" అనడానికి పనికొస్తోంది.

ఈసారి వార్షికోత్సవానికి 'మా ఇల్లు' అనే టెంప్లేటు ఇచ్చారు. అందులో నాన్నకి బోలెడు బొమ్మలున్నాయి. కూర్చున్నది, పేపరు చదివేది, ఆవులించేది, పొట్ట పట్టుకుని నవ్వేది. అమ్మకి ఉన్నవి కొన్నే. ఎడమవైపు నడిచేది, కుడివైపు నడిచేది, ట్రే పట్టుకున్నది. ప్లే నొక్కితే ఆవిడ ట్రేతో ఆ చివర నుంచి ఈ చివరకి, ఈ చివర నుంచి ఆ చివరకి, ఆపేదాకా తిరుగుతూనే ఉంటుంది. వారాల తరబడి అన్ని కంప్యూటర్ల మీదా అంతమంది అమ్మలు తిరుగుతుంటే చూశాను, నాకేమీ అనిపించలేదు.

అనిపించింది పిచ్చుకకి. సన్నగా, గలగలమంటూ ఉంటుందని తోటి పిల్లలే ఆ అమ్మాయికి ఆ పేరు పెట్టారు.

"టీచర్, అమ్మకి కూర్చున్న బొమ్మ లేదేంటి?"

"ఇచ్చినవాటితోనే చేయాలమ్మా."

"మా అమ్మ బట్టల షాపులో పనిచేస్తుంది టీచర్. అక్కడ రోజంతా నిలబడే ఉండాలంట, కూర్చుంటే తిడతారంట. ఇందులో అయినా కూర్చోబెడదామని."

వద్దని అనలేకపోయాను. టెంప్లేటు తీసేసి ఖాళీ పేజీ తెరిచి ఇచ్చాను. కుర్చీలో ఒక మనిషిని గీసింది, షాపువాళ్ళిచ్చిన ఆకుపచ్చ బట్టల్లో. "కదలకపోతే ఫొటో అనుకుంటారు కదా టీచర్?" అనడిగింది. ఊపిరి తీసినప్పుడు భుజాలు కొంచెం లేస్తాయని ఒక్కసారి చూపించాను, అంతే. మిగతాదంతా తనే పట్టేసింది. భుజాలు లేచి దిగుతాయి. ఫ్యాన్ గాలికి జుట్టు కాస్త ఊగుతుంది. ఒక చెప్పు కాలి నుంచి జారి కింద పడుతుంది, ఆవిడ దాన్ని తీయదు. ఆ చెప్పు నేను చెప్పింది కాదు. అంత మంచి పని నా క్లాసులో ఎవరూ చేయలేదు, బహుశా నేను కూడా ఎప్పుడూ చేయలేదు.

ఉత్సవం ముందురోజు ప్రిన్సిపాల్ మేడమ్ అన్నీ ఒకసారి చూశారు. పిచ్చుక బొమ్మ దగ్గర ఆగి, "ఇదేంటి, స్ట్రక్కయిందా?" అన్నారు.

"లేదు మేడమ్, ఆవిడ కూర్చుంది."

"కూర్చుంటే ఏం చూస్తారండీ పేరెంట్స్? కంపెనీవాళ్ళు కూడా వస్తున్నారు. వాళ్ళ టెంప్లేటు వాడలేదని చిన్నబుచ్చుకోరూ? మార్చేయండి."

మార్చేశాను. మేడమ్ చెప్పారు కాబట్టి మార్చానని ఎవరితోనైనా చెప్పగలను, వాళ్ళు నమ్ముతారు కూడా. నాతో నేను ఎలా చెప్పుకోను? ఆ ఆకుపచ్చ బట్టల మనిషి అలా చెప్పు జారవిడిచి తీరిగ్గా కూర్చుంటే, చూసిన మొదటి రోజు నుంచీ నాకు లోపల్లోపల ఒళ్ళు మండుతూనే ఉంది. నీకెలా కుదిరిందే తల్లీ అని. పడిపోయిన చెప్పు తీసి సరిగ్గా పెట్టాలని నా చేతులు దురద పెట్టేవి. గీసిన బొమ్మను చూసి కుళ్ళుకున్నాను. అందుకే అంత చకచకా చేశాను ఆ పని. టెంప్లేటు తెరిచి, అమ్మ బట్టలు ఆకుపచ్చ చేసి, కింద పిచ్చుక పేరు రాసి, ప్లే నొక్కి చూసుకున్నాను. ట్రే పట్టుకుని నడిచింది. ఇంటికెళ్ళి వంట చేశాను.

మర్నాడు హాల్లో పెద్ద తెర మీద ఒక్కొక్కటే వస్తున్నాయి. ప్రతి ఇల్లూ ఒకటే, ప్రతి అమ్మా ఒకటే. చప్పట్లు మాత్రం ఎవరి పిల్లలకి వాళ్ళు గట్టిగా కొట్టుకుంటున్నారు. పిచ్చుక పేరు రాగానే నేను తెర చూడలేదు, ఆ పిల్లను చూశాను. ముందు నిక్కి చూసింది. తర్వాత కిందికి చూసింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది.

కార్యక్రమం అయిపోయాక వాళ్ళమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. డ్యూటీ మధ్యలో పర్మిషన్ తీసుకుని వచ్చిందట, ఒంటి మీద ఆ ఆకుపచ్చ బట్టలే. పిచ్చుక ఆమె చెయ్యి పట్టుకుని నేలచూపులు చూస్తోంది.

"బాగుంది టీచర్" అంది ఆమె నవ్వుతూ. "ఇంట్లో కూడా షాపు బట్టలు విప్పకుండానే పని చేస్తున్నా, చూశారా! కూర్చోబెడతా కూర్చోబెడతా అని ఇన్నాళ్ళూ ఊరించింది ఇది. తీరా చూస్తే నా చేతికి ట్రే కూడా ఇచ్చింది."

ఆ రంగు నేను వేసింది. పిల్ల చేసిన పనిలా కనబడాలని వేశాను.

"కంప్యూటర్లో ఏదో పొరపాటు జరిగిందమ్మా" అన్నాను. నా నోటి నుంచి ఎంత నున్నగా వచ్చిందో ఆ మాట.

పిచ్చుక తలెత్తి నా ముఖంలోకి చూసింది. తర్వాత వాళ్ళమ్మ వైపు తిరిగి, "అవునమ్మా, కంప్యూటర్ పొరపాటే. అప్పుడప్పుడూ అలా అవుతుంది" అంది.

నా తల కొట్టేసినట్టయింది. నన్ను కాపాడుతోంది ఆ పిల్ల. పెద్దవాళ్ళ పరువు పోకుండా మాట సర్దడం, తనది పోతే పోనీలే అనుకోవడం, నవ్వి ఊరుకోవడం, ఇవన్నీ నాకు వంటబట్టడానికి ఒక అత్తవారిల్లు, ఎన్నో ఏళ్ళు పట్టాయి. ఈ పిల్లకి నా క్లాసులోనే వచ్చేశాయి. నేను నిజంగా నేర్పిన పాఠం ఇదొక్కటేనా అనిపించింది.

"పొరపాటు కాదు" అన్నాను. "మీ అమ్మాయి మిమ్మల్ని కూర్చోబెట్టే చేసిందమ్మా. నేనే తీసేశాను. తీసేసి, ఈ ట్రే బొమ్మ పెట్టి తన పేరు రాశాను."

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఎందుకు టీచర్?"

మేడమ్ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "చూడలేకపోయాను" అన్నాను. ఆమెకు అర్థమైందో లేదో తెలియదు. చాలాసేపు నా ముఖం కేసే చూసింది, షాపులో బేరమాడి మరీ కొనకుండా వెళ్ళిపోయేవాళ్ళని కూడా ఆమె అలాగే చూస్తుందేమో. తర్వాత "ఉందా అది? చూపిస్తారా?" అంది.

పిల్ల చేసినది చెరపలేదు, కంప్యూటర్లో అలాగే ఉంది. ల్యాబు తాళం తీశాను. పిచ్చుక తనే కంప్యూటర్ ఆన్ చేసి, తనే తెరిచి, ప్లే నొక్కింది. తెర మీద ఆమె కూర్చుంది. భుజాలు లేచి దిగాయి. జుట్టు ఊగింది. చెప్పు జారింది.

"ఏం చేస్తున్నానే ఇందులో?" అంది వాళ్ళమ్మ మెల్లగా.

"ఏం చేయట్లేదమ్మా."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "నన్ను నిలబెట్టి అది కూర్చుంటే ఎలా?" అంది గానీ ఈసారి నవ్వలేదు. కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ వెయ్యమంది. మళ్ళీ వేసింది పిచ్చుక.

నేను వాళ్ళ వెనక నిలబడి ఉన్నాను, అలవాటు కొద్దీ.

"మళ్ళీ తీసేస్తారా టీచర్?" తెర మీంచి చూపు తిప్పకుండానే అడిగింది పిచ్చుక.

"తీయను. రేపట్నుంచి క్లాసులో అందరికీ ఖాళీ పేజీయే. ఆ టెంప్లేటు నేనింక తెరవను."

ఊఁ అంది. నమ్మినట్టు లేదు. నమ్మకపోవడమే న్యాయం. మేడమ్ ఏమంటారో ఊహించుకోగలను, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో మాత్రం చెప్పలేను. కానీ ఆ పిల్ల ముందు ఇంకోసారి అలా నిలబడాల్సి రావడం కన్నా అదేమంత పెద్దది కాదనిపించింది. పక్కనున్న కుర్చీ లాగాను.

ఫోన్ మోగింది. మా ఆయన.

"ఎక్కడున్నావ్? ఫంక్షన్ ఎప్పుడో అయిపోయిందటగా. అమ్మ టీ కోసం చూస్తోంది. ఏం చేస్తున్నావక్కడ?"

"కూర్చున్నాను."

"కూర్చుని?"

తెర మీద ఆవిడ చెప్పు ఇంకోసారి జారింది. తీయలేదు.

"కూర్చుని ఉన్నానండీ" అన్నాను.