ముట్టని ముద్ద

చెరకు ట్రాక్టర్ బోల్తా పడి ప్రేమ్ చనిపోయాడు. పెళ్లై ఏడాది కూడా తిరగలేదు. మూడో రోజు పిట్టకు పెట్టారు. మోస్రా శివారులో, అతన్ని కాల్చిన చోట, మోదుగాకు విస్తరిలో అన్నం, కోడికూర, అతనికి ఇష్టమైన మిర్చిబజ్జీలు పెట్టి అందరూ దూరం జరిగారు. కాకి ముట్టేదాకా ఇంటివాళ్లెవరూ మెతుకు ముట్టరు.

కాకులు తుమ్మచెట్టు మీదే ఉన్నాయి. కిందికి దిగలేదు.

"పిలగాని మనసుల ఏదో ఉన్నది," అన్నాడు పెదనాన్న భూమన్న. ముందుకు వెళ్లి చేతులు జోడించాడు. "బిడ్డా, నీ పెండ్లాన్ని మంచిగ సూసుకుంటం. తిను."

దిగలేదు.

"బండి మీద పాణమేమో," అన్నాడు చిన్నాన్న బాలన్న. "అరేయ్, నీ బండి అమ్మం తియ్!" ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

ఎండ ఎక్కింది. భూమన్న ప్రేమ్ తల్లి వైపు తిరిగాడు.

"నీ చర్చి మీదనే వాని కోపం. ఇడిశిపెడుతున్న అని ఒక్క మాట అను హన్మవ్వా. తింటడు."

హన్మవ్వ విస్తరినే చూస్తోంది. భర్త చనిపోయిన ఏడాది, పసివాడైన ప్రేమ్‌ను చంకనేసుకుని కాలువలో దూకబోయిన మనిషి ఆమె. బోధన్ చర్చికి పోయే శ్యామలమ్మ చెయ్యి పట్టి ఆపింది. ఆ తర్వాత హన్మవ్వ బీడీలు చుట్టి కొడుకును సాకింది. ఊళ్లో ఎవరు మంచాన పడ్డా పక్కన కూర్చుని ప్రార్థన చేసింది. తాను ఎందుకు బతకాలో ఆమెకు తెలిసింది ఆ దేవుని దగ్గరే.

"ఒక్క మాటనే గదా అత్తా," అంది కోడలు సంజన. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "ఆకలితోని వోయిండంటరు. అను."

హన్మవ్వ పెదవులు కదిలాయి. కొడుకు కోసం ఇంకేదైనా అనేది.

"అనలేను బిడ్డా. ఆయన లేకుంటే నేను లేను, వాడు లేడు. వాడిప్పుడు ఆయన తాననే ఉన్నడు. ఆకలి లేదు వానికి."

"కన్నతల్లివేనా నువ్వు?" భూమన్న తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "ఇగ మా గడప తొక్కకు."

అన్నం ఆవుకు పెట్టి అందరూ వెళ్లిపోయారు. సంజన ఒక్కతే అత్త దగ్గర ఉండిపోయింది.

ఇంటికొచ్చాక హన్మవ్వ రెండు కంచాల్లో అన్నం వడ్డించింది.

"నా మీద కోపమున్నదా?"

"ఉన్నది."

"ఉండని. తిను."

హన్మవ్వ కళ్లు మూసుకుని, ఈ అన్నానికి స్తోత్రమని చెప్పబోయింది. మధ్యలో ఆగింది. మళ్లీ మొదలుపెట్టి చివరిదాకా చెప్పింది. సంజన ఆమెన్ అనలేదు. కానీ అయిపోయేదాకా ముద్ద కలపకుండా ఆగింది.