బాపు పేరు కనబడేదాకా

జైపాల్‌కు ఏ పనైనా ఒక్కదెబ్బకు తేలిపోవాలి. ఏళ్ళ తరబడి నమిలిన తంబాకును ఒక ఉదయం డబ్బాతో సహా మోరీలో పారేసి, మళ్ళీ ముట్టలేదు. ఇంటికి సున్నం వేయాలని తోస్తే సామానంతా వాకిట్లో పెట్టి, పొద్దుగూకేలోగా నాలుగు గోడలూ తెల్లగా చేసేవాడు. ఆ తర్వాత నడుము పట్టేసి మంచం దిగలేకపోవడాన్ని మాత్రం లెక్కలోకి తీసుకునేవాడు కాదు.

అందుకే అక్క సారవ్వకు రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయని, ఎవరైనా ఒకటి ఇస్తే బతుకు నిలబడుతుందని హైదరాబాదు డాక్టరు చెప్పగానే, "నాది తీసి పెట్టుండ్రి సార్" అని అక్కడికక్కడే అనేశాడు. బావ వీరేందర్ రక్తం కలవలేదు. తమ్ముడిది కలిసింది. జైపాల్ భార్య యమున ఒక పూటంతా ఆలోచించింది. ఆ తర్వాత వచ్చి, "ఇయ్యి. ఆమె పెట్టిన బువ్వతోనే కదా గింత పెరిగినవ్" అంది.

ఆ పెరగడమే అడ్డు వచ్చింది. డాక్టరు జైపాల్‌ను బల్ల మీద పడుకోబెట్టి చూసి, లేపి కూర్చోబెట్టాడు.

"మీరు పన్నెండు కిలోలైనా తగ్గాలి. షుగరు కూడా అంచు మీద ఉంది. ఈ ఒంటితో ఒక కిడ్నీ ఇచ్చేస్తే మిగిలిన దాని మీద భారం పడుతుంది. ముందు తగ్గి రండి."

"ఎన్ని రోజుల్ల తగ్గాలె సార్?"

"మీ శరీరం ఒప్పుకున్నన్ని రోజుల్లో."

ఆ మాటను జైపాల్ మర్యాదకు అన్నదిగా తీసుకున్నాడు. శరీరం ఒప్పుకోవడమేమిటి? ఒప్పించాలి. అక్కడ అక్క వారానికి మూడుసార్లు గోదావరిఖనిలో డయాలసిస్ మిషను పక్కన కుర్చీలో పడి ఉంటోంది. ఆమెకు దాహమేసినా గుక్కలు లెక్కపెట్టుకునే తాగాలి, ఎందుకంటే ఒంట్లోకి పోయిన నీళ్ళు వాటంతట అవి బయటికి రావు. ఆలస్యమయ్యే ప్రతి దినమూ ఆమెకే ఖర్చవుతుందని అతడికి తెలుసు.

రామగుండంలో రైలు దిగిన సాయంత్రమే అతడు బాపు కంచాన్ని అటకెక్కించాడు.

ఆ కంచం వాళ్ళ నాయన రాయమల్లుది. ఆయన బొగ్గుబావిలో ఫిల్లరు. చెమ్మసు పారతో బొగ్గు తోడి, తట్టకెత్తి, పట్టాల మీది టబ్బులు నింపిన మనిషి. షిఫ్టు దిగి వచ్చాక ఆయన ఆకలికి తగిన కంచం కోసం బజారంతా వెతికి, జైపాల్ తల్లి సారలమ్మ అన్నిటికన్నా పెద్దదీ, లోతైనదీ ఏరి తెచ్చి, నడిమధ్యలో ఆయన పేరు చెక్కించింది. ఆయన పోయాక ఆ కంచమూ, బావిలో కొలువూ రెండూ కొడుక్కి వచ్చాయి. కొలువు మాత్రం మారింది. జైపాల్ బావిలో పంపు ఆపరేటరు. అడుగున ఊరే నీటిని పైకి తోడే పంపు పక్కన షిఫ్టంతా కూర్చుంటాడు. తిండి మాత్రం బాపు కంచం నిండా, అంచుదాకా. తినడం మొదలుపెట్టేటప్పుడు ఆ పేరు ఎన్నడూ కనబడదు. అన్నం కిందినుంచి అది బయటపడితే భోజనం అయిపోయినట్టు.

ఇప్పుడు అన్నం పూర్తిగా బంద్. పొద్దున నిమ్మరసం, మధ్యాహ్నం దోసకాయ, సాయంత్రం గ్లాసెడు మజ్జిగ. తెల్లవారుజామున గ్రౌండులో పరుగు. మొదటి వారంలోనే బెల్టు ఒక రంధ్రం వెనక్కి పోయింది. ఆకలి కడుపును మెలిపెట్టినప్పుడల్లా అతడికి ఒక విధమైన తృప్తి కలిగేది. అక్క ముఖం తేటపడటం, వాడకట్టు జనం తనను చూపించి 'గీయనే తమ్ముడు' అనుకోవడం కళ్ళముందు మెదిలేవి. ఆ రెండో దృశ్యం మొదటిదాని వెనకనుంచి ఎప్పుడు ముందుకు వచ్చి నిలబడిందో అతడు గమనించలేదు.

లాంపు రూములో దీపం తీసుకుంటుంటే తోటి కార్మికుడు శివ అతణ్ణి కిందినుంచి మీదిదాకా చూశాడు.

"ఏందన్నా, గిట్ల ఎండుకపోతున్నవ్? అన్‌ఫిట్ అయితున్నవా ఏంది?"

బొగ్గుబావుల ఊళ్ళో నడివయసు మనిషి ఉన్నట్టుండి చిక్కితే జనానికి మొదట తోచేది అదే. రోగం చూపించి అన్‌ఫిట్ అయి, కొలువును పిల్లలకు ఇప్పించుకుంటాడని.

"నాకు కొడుకు లేడు కదరా."

"బిడ్డకు గూడ ఇస్తున్రు కదనే! నాకన్న చెప్పు, ఏం తింటున్నవో. నేను గూడ తింట."

"ఏం తింటలేను. అక్కకు కిడ్నీ ఇస్తున్న. బరువు తగ్గాలన్నరు."

శివ నవ్వు ఆగిపోయింది. దీపం బెల్టుకు తగిలించుకుంటూ, "అయితే సావకు మల్ల. సచ్చినోని కిడ్నీతోటి లొల్లి ఎక్కువ" అన్నాడు.

జైపాల్ చావలేదు కానీ, ఆ నెలాఖరున షిఫ్టు దిగి పైకి వచ్చి, దీపం తిరిగి ఇచ్చేటప్పుడు లాంపు రూము కిటికీ ముందే కుప్పకూలాడు. దవాఖానలో సెలైను ఎక్కించారు. కబురు హైదరాబాదు చేరింది. మళ్ళీ చేసిన పరీక్షల్లో బరువు తగ్గిన మాట నిజమేగాని, తగ్గినదాంట్లో కొవ్వుకన్నా కండ ఎక్కువని తేలింది. నెత్తురు పలచబడింది. షుగరు ఒకపూట పాతాళంలో, ఒకపూట ఆకాశంలో. "ఇలా చిక్కినవాళ్ళ మీద మేం కత్తి పెట్టం. కోలుకున్నాక మళ్ళీ మొదటినుంచి చూద్దాం" అని డాక్టరు ఫోను పెట్టేశాడు. తొందరపడి మిగల్చాలనుకున్న కాలమంతా చేజారింది. పోయింది అక్క కాలం.

మర్నాడు సారవ్వ అతడి ఇంటికి వచ్చింది. సూదుల చోట కట్టుతో ఉన్న చేతిని ఒళ్ళో పెట్టుకుని అతడి మంచం పక్కన కుర్చీలో కూర్చుంది.

"లేచినవా పెద్దమనిషీ?"

జైపాల్ గోడవైపు తిరిగాడు. "నాతోటే లేటైందక్కా."

"అయింది. నాకు కిడ్నీ ఇయ్యాలంటే ముందుగాల నువ్వు బతికుండాలె తమ్మీ. గా సంగతి నీకెవలన్న చెప్పిన్రా?"

వంటింటి గుమ్మంలో నిలబడ్డ యమున నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"పోయిన ఎండకాలం యాదికున్నదా?" అంది సారవ్వ. "పెండ్లికి పోయి మజ్జిగ, షర్బతు ఏది దొరికితే గది తాగొచ్చిన. ఒళ్ళంత ఉబ్బింది. గా నీళ్ళన్ని ఒక్కపూట మిషను మీద గుంజాల్సి వచ్చింది. పిక్కలు కొంకర్లు పోయినయ్. కండ్లు తేలేసిన. మీ బావ ఏడ్సుడే ఏడ్సుడు. ఒంట్లకెల్లి ఒట్టి నీళ్ళు తియ్యనీకే గంత పైలంగ ఉండాలె. నువ్వు ఒంట్లకెల్లి మనిషినే తీస్తివి."

"మరి ఏం జెయ్యమంటవ్?"

"డ్యూటీ దిగి రోజు మా ఇంటికి రా. బండి మీద కాదు, నడిచి రా. నీకు బువ్వ నేను పెడుత. నేను నీళ్ళు కొలిచి తాగుత, నువ్వు బువ్వ కొలిచి తిను. నేను పెట్టినదానికంటె ఒక్క ముద్ద ఎక్కువ తిన్నా, ఒక్క ముద్ద తక్కువ తిన్నా, నీ ముందల్నే చెంబెత్తి గటగట తాగుత. తర్వాత నీ ఇష్టం." లేచి, యమునవైపు తిరిగింది. "బాపు కంచం ఏడున్నది?"

మొదటిరోజు సారవ్వ తన ఇంట్లో వడ్డించిన బాపు కంచాన్ని చూసి జైపాల్ నిరాశపడ్డాడు. అన్నం ఎప్పటిలాగే గుట్టగా ఉంది. పక్క గిన్నెల్లో తోటకూర పప్పు, ఉడికించిన గుడ్డు.

"గిదేందక్కా? తక్కువేం లేదు."

"ఒక పిడికెడు తీసిన. తెలుస్తలేదు కదా?"

"తెలుస్తలేదు."

"తెల్వద్దు."

ఒళ్ళు ఆ కొలతకు ఒప్పుకునేదాకా ఆమె దాన్ని కదిలించలేదు. ఒప్పుకుందని అతడి ముఖం చూసి తెలుసుకుని, అప్పుడు మరో పిడికెడు తీసింది. యమున ఇంట్లో రాత్రి భోజనానికీ అదే కొలత పెట్టింది. మొదట్లో అక్క ఇల్లు చేరేసరికి అతడు ఆయాసంతో అరుగు మీద కూలబడేవాడు. పోనుపోను చౌరస్తా దగ్గర చుట్టు తిరిగి రావడం అలవాటైంది. బెల్టు మాత్రం కదల్లేదు. అద్దంలో తేడా లేదు. లాంపు రూములో ఎవరూ అతణ్ణి ఏమీ అడగలేదు.

పంపు పక్కన కూర్చున్నప్పుడు అతడు ఆలోచించేవాడు. కిడ్నీ ఇవ్వడం తనకు ఎన్నడూ కష్టమనిపించలేదు. ఒక దినం, ఒక బల్ల, ఒక మత్తుసూది. ఉపవాసమూ కష్టమనిపించలేదు, ఎందుకంటే ఆ ఆకలిలో తనకు తాను పెద్దగా కనిపించేవాడు. ఈ పిడికెడు మెతుకుల దగ్గరే ప్రాణం గింజుకుంటోంది. ఇందులో చూసేవాడు లేడు, తనకు తాను కనిపించేదీ లేదు. అలాంటప్పుడు ఇన్నాళ్ళూ తను అక్కకు ఇవ్వబోయింది కిడ్నీనా, తన బొమ్మనా? ఎదురుగా పంపు ఒకే తీరుగా మోగుతూ, ఊరిన నీటిని ఊరినంతే తోడి పోస్తూ ఉండేది. షిఫ్టు అయిపోయేది. అతడు లేచి అక్క ఇంటికి నడిచేవాడు.

ఒకనాడు అతడు కొంచెం ముందుగా చేరాడు. సారవ్వ ఫ్రిజ్ తలుపు చాటున నిలబడి ఉంది. బుగ్గ ఒకటి ఉబ్బి ఉంది.

"నోట్ల ఏందక్కా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"నోరు తెరువ్."

"మంచుగడ్డ" అంది చివరికి, నీళ్ళు కారకుండా పెదాలు బిగించి.

"మంచంటే నీళ్ళు కాదా?"

"గట్టిగున్నదాన్ని నీళ్ళంటరా ఎవలన్న?"

జైపాల్ గట్టిగా నవ్వబోయి, తన గుట్టు గుర్తొచ్చి ఆగాడు. "నిన్న శివ ఇంట్ల ఫంక్షన్ల బిర్యానీ రెండుసార్లు పెట్టించుకున్న" అన్నాడు మెల్లగా.

"సరే. సమానమైనం. కాళ్ళు కడుక్కొని కూసో."

చెంబు జోలికి పోలేదు. వడ్డించేటప్పుడు కోపంతో తగ్గించనూ లేదు, జాలితో పెంచనూ లేదు. ముందురోజు కొలతే. తప్పు చేసినా కొలత చెదరకపోవడం జైపాల్‌కు కొత్త. ఇలాంటి చోట పాత జైపాల్ ఐతే మూడు రోజులు పస్తుండేవాడు, లేకుంటే మొత్తం వదిలేసేవాడు.

కంచంలో, అన్నం గుట్టకు ఎడమ పక్కన, ఒక అక్షరం కనిపించింది వానలు పడే రోజుల్లో. 'రా'. చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరం. ఇద్దరూ దాన్ని చూశారు. బతుకమ్మ పూలు బజారులోకి వచ్చేసరికి 'య' కూడా బయటపడింది. ఆ దినాల్లో ఒక పొద్దున డ్యూటీకి తయారవుతూ బెల్టు రెండు రంధ్రాలు వెనక్కి వెళ్ళిందని గమనించాడు. ఎప్పుడు వెళ్ళిందో అతడికి తెలియలేదు.

చలి ముదిరాక ముగ్గురూ హైదరాబాదు వెళ్ళారు: అక్క, బావ, అతడు. డాక్టరు కాగితాలు ముందుకూ వెనక్కూ తిప్పి, కళ్ళద్దాలు తీసి జైపాల్ వైపు చూశాడు.

"ఈసారి ఏం చేశారు?"

"అక్క పెట్టింది తిన్న సార్."

"అన్నీ పద్ధతిలో ఉన్నాయి. మిగతా పరీక్షలు మొదలుపెడదాం. అవి కూడా బాగుంటే ఆపరేషన్‌కు పోవచ్చు."

బావ వీరేందర్ రెండు చేతులూ జోడించాడు, తర్వాత ఆ చేతుల్లోనే ముఖం దాచుకున్నాడు. సారవ్వ తమ్ముడి వైపు చూస్తోంది. 'ఎన్ని రోజుల్ల సార్' అని అతడు ఇప్పుడు అడుగుతాడని ఎదురుచూసింది. జైపాల్ అడగలేదు. కాగితాలు సర్దుకుని, చెయ్యిచ్చి ఆమెను కుర్చీలోంచి లేపాడు.

సారవ్వ ఇల్లు చేరాక, అలసట తీరకముందే ఆమె వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ వాళ్ళ కోసం కాచుకుని ఉన్న యమున వద్దన్నా వినలేదు. బాపు కంచం తెచ్చి అతడి ముందు పెట్టి వడ్డించింది.

"ఇయ్యాల మంచిమాట ఇన్నం కదక్కా. జర నాలుగు మెతుకులు..."

సారవ్వ చెంబు మీద చెయ్యి వేసింది.

"ఒద్దొద్దు! సాలు, సాలు."

యమున పగలబడి నవ్వింది. జైపాల్ కంచంలోకి వంగాడు. అన్నం ఒక పక్కకు ఒదిగి ఉంది. ముద్ద కలపకముందే, మొదటిసారి, పేరు మొత్తం కనబడుతోంది. రాయమల్లు. చివరి అక్షరం కింది వత్తు దగ్గర ఒక మెతుకు అంటుకుని ఉంటే వేలితో తీసి నోట్లో వేసుకున్నాడు.

సారవ్వ తన చిన్న గ్లాసులోంచి ఒక గుక్క తాగింది. కళ్ళు మూసుకుని, అది గొంతు దిగేదాకా ఆగింది. తర్వాత గ్లాసు పక్కన పెట్టి అంది.

"మెల్లగ తిను తమ్మీ. బాపు సూస్తుండు."