కుడికాలి అంచు

సానరాయికి స్కేటు బ్లేడు ఆనగానే నిప్పురవ్వలు వాసిల్ డెర్కాచ్ మణికట్టు దాకా ఎగిరాయి. అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ముప్పై ఎనిమిదేళ్లుగా రవ్వలు పడిపడి అక్కడ వెంట్రుకలు మొలవడం మానేశాయి. బ్లేడును మడమ నుంచి ముందుకొస దాకా ఒకసారి లాగాడు, మళ్లీ అదే బరువుతో ఇంకోసారి లాగాడు. యంత్రం ఆపి స్కేటును తిరగేసి, ఎడమ బొటనవేలి గోరును అంచుమీద అడ్డంగా గీశాడు. గోరుమీద సన్నని తెల్లటి పొడి లేచింది. పొడి లేస్తే అంచు పదునుగా ఉన్నట్టు. ఒక్కో బ్లేడుకు రెండు అంచులు, లోపలిదొకటి, వెలుపలిదొకటి. రెండోదాన్నీ అలాగే చూసి స్కేటును అరలో పెట్టి, ఇంకోటి అందుకున్నాడు.

హాలోవే ఊరి మంచు హాకీ రింక్‌లో మెట్లకింద ఉంది అతని గది. కిటికీ లేదు. కాలిన ఇనుము, తడి తోలు, కుర్రాళ్ల చెమట కలిసిన వాసన ఒకటి ఆ గదికి ఉంది. ఆదివారం చర్చికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లినా ఆ వాసన వాసిల్‌ని వదలదు. వయసు యాభై ఆరు. పొట్టి మెడ, వెడల్పాటి భుజాలు, ఎండుచేపలా ముడుచుకున్న పెదవులు. కుడి మోకాలు వంగదు. నడిస్తే ఒక అడుగు, ఒక ఈడ్పు. ఆ చప్పుడు వినగానే వరండాలో అల్లరి చేసే కుర్రాళ్లు సర్దుకుంటారు. ఓడిపోయి వచ్చి, బ్లేడు సరిగ్గా సానపట్టలేదని గొణిగిన కుర్రాణ్ణి అతను ఊరికే వదిలిపెట్టడు. "ఆడలేనమ్మ మద్దెల ఓడందట. పో, పోయి కాళ్లకి సానపట్టించుకో!" అని తరుముతాడు.

యంత్రం పైన గోడకు ఒక మేకు, దానికో పాత స్కేట్ల జత ఉన్నాయి. బ్లేడులకు నూనెగుడ్డ చుట్టి ఉంది. అది ఆ ఊరి ఆచారం. ఆట మానేసినవాడు ఆఖరి ఆట ఆడిన స్కేట్లను మళ్లీ సానపట్టడు. ఎలా దిగాయో అలాగే గుడ్డ చుట్టి తగిలిస్తాడు. సానపడితే ఇంకా ఆడాలని ఆశ ఉన్నట్టట, దాన్ని చూసి ఊరు నవ్వుతుందట. వాసిల్ తన స్కేట్లకు గుడ్డ చుట్టింది పద్దెనిమిదో ఏట. ఇప్పటిదాకా విప్పలేదు.

క్యాంటీన్ నడిపే డోరీన్ కాఫీ కప్పుతో తలుపు దగ్గర నిలబడింది.

"ఏంటి వాసిల్, ముఖం అలా ఉంది? ఈస్టర్ ఉపవాసాలు ఇప్పుడే మొదలెట్టావా?"

"నీ కాఫీ తాగేవాడికి వేరే ఉపవాసం ఎందుకు?"

"తాగకు మరి, నష్టమేం లేదు." కప్పు బల్లమీద పెట్టింది. "విన్నావా? మన రీస్‌ని సిటీ క్లబ్బువాళ్లు రమ్మన్నారట. వాళ్ల మనిషి రాత్రే దిగాడు. ఇప్పుడే వచ్చి ప్రొఫెషనల్‌గా ఆడతాడో, ఇంకో ఏడాది ఇక్కడే ఆడతాడో సాయంత్రం నాలుగింటికల్లా చెప్పాలట. ముసలాయన నిన్నటి నుంచి పచ్చిమంచినీళ్లు ముట్టలేదు."

"ముట్టకపోతే నాకేం?"

"నీకు కాదులే. నువ్వు రాయివి కదా, నీ దగ్గర ఏ కత్తయినా పదునెక్కుతుంది," అని డోరీన్ వెళ్లిపోయింది.

ముసలాయన అంటే లోర్న్ బకానన్. అప్పట్లో జట్టుకు కోచ్, ఇప్పుడు మేనేజరు. డెబ్బై అయిదేళ్లు. కొడుకు పోయాక ఆయనకు మిగిలింది మనవడు రీస్ ఒక్కడే. పాముది పన్నెండేళ్ల పగ అంటారు. వాసిల్ పగకు ముప్పై ఎనిమిదేళ్లు నిండాయి, ఒక్క పన్ను కూడా ఊడలేదు.

వాసిల్‌కి పద్దెనిమిదేళ్లప్పుడు ఇలాగే మార్చి నెలలో, ఇలాగే సిటీ నుంచి ఒక మనిషి వచ్చాడు. లోర్న్ అతని ముందు చేతులు కట్టుకుని నిలబడి, "ఇంకొక్క ఏడాది. వీడింకా పండలేదు," అన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఆ మనిషి టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఏడాది తిరిగేలోపు, ఫైనల్‌కి ముందు ఆటలో, కుడివైపు నుంచి వచ్చినవాడు వాసిల్‌ని గోడకేసి కొట్టాడు. మోకాలు పోయింది. వాసిల్ ఆస్పత్రి మంచం మీద ఉండగా హాలోవే కప్పు గెలిచింది. తన కప్పుకోసం నన్ను గుంజకి కట్టేశాడు అని వాసిల్ ఆ మంచంమీదే తేల్చుకున్నాడు. ఆ తేల్చుకున్నది మళ్లీ తిరగేసి చూడలేదు. లోర్న్ జాలిపడి ఈ సానపట్టే పని ఇప్పిస్తే, ముష్టి వేశాడనుకుని మరీ తీసుకున్నాడు, రోజూ ఆయన కళ్లముందు కాలీడ్చుకుంటూ తిరగొచ్చని. ఆ కప్పు ముందు గుమ్మం దగ్గర అద్దాల బీరువాలో ఉంది. అందుకని వాసిల్ ఇన్నేళ్లూ వెనక గుమ్మంలోంచే వస్తున్నాడు. మంచు తుఫానులో కూడా.

తొమ్మిదింటికి లోర్న్ స్వయంగా వచ్చాడు. పొడుగాటి మనిషి, తలుపు చట్రం కింద వంగాడు. గడ్డం గీసుకోలేదు. మనవడి స్కేట్లు తనే మోసుకొచ్చి బల్లమీద పెట్టాడు.

"ఏరా వాసిల్. ఇవి చూడు."

"ఎప్పుడూ సానపడుతున్నవే కదా, కోచ్."

కోచ్ అన్న మాట వాసిల్ నోట్లో ఎప్పుడూ ఉమ్మినట్టే ఉంటుంది. ముసలాయన దానికి అలవాటుపడ్డాడు.

"సానపట్టకముందు చూడు. వాడు వెళ్లొచ్చా, ఇంకో ఏడాది ఆగాలా, నువ్వే చెప్పాలి. నేను వెళ్లమంటే మనవడి గొప్పకోసం అంటారు. ఆగమంటే వచ్చే ఏటి కప్పుకోసం అంటారు. వచ్చే ఏడాదే నాకు ఆఖరు, ఊరందరికీ తెలుసు. అందుకని నేను నోరు మూసుకుంటున్నా. ఇనుము నీకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు. నువ్వేం చెబితే వాడు అదే చేస్తాడు. నేనూ అడ్డురాను."

ముసలాయన ఇంకేదో చెప్పబోయి, మేకుకు వేలాడుతున్న స్కేట్లవైపు ఒకసారి చూసి, వంగి బయటికి వెళ్లిపోయాడు.

దొంగ చేతికి తాళంచెవి ఇచ్చినట్టయింది. వాసిల్ స్టూలు మీద కూర్చుని కుడికాలు చాపుకున్నాడు. గుండె కొట్టుకుంటోంది, కుర్రతనంలో మంచుమీదికి దిగేముందు కొట్టుకున్నట్టు. సంతోషంతోనే కొట్టుకుంటోందని అతనికి తెలుసు. ఇన్నేళ్లూ కలల్లో ఆ ముసలివాడి పీక పట్టుకున్నాడు, ఇల్లు తగలబెట్టాడు. ఇంత తేలిగ్గా, కూర్చున్నచోటే దొరుకుతుందని ఎన్నడూ అనుకోలేదు.

అప్పుడు వాసిల్ రీస్ స్కేట్లను అందుకున్నాడు. దీపం కిందికి వంచి గోరు పెట్టాడు. ఎడమ స్కేటు వెలుపలి అంచు మొద్దుబారింది. కుడి స్కేటు లోపలి అంచు కూడా అంతే. ఆడే కుర్రాడి బ్లేడు అరగక ఏం చేస్తుంది. కుడి స్కేటు వెలుపలి అంచుమీద గీసేసరికి గోరు చివర తెగింది. నాలుగు రోజులు ఆడినా అది నిన్న సానపట్టినట్టు ఉంది. ఇనుము సంగతి తెలియనివాడు అది చూసి మెచ్చుకుంటాడు. కుడివైపు తిరగాలంటే ఆ అంచుమీదే ఒరగాలి, కుర్రాడు దానిమీద నిలబడటమే లేదు. ఎప్పుడూ ఎడమవైపే తిరుగుతున్నాడు, ఎడమవైపే ఆగుతున్నాడు. కుడివైపు నుంచి ఎవడైనా వస్తే వాడికి తిరగడం రాదు, ఉన్నచోట గుంజలా నిలబడతాడు. ఈ ఊళ్లో అది ఎవరూ కనిపెట్టలేదు, వాడి వేగం అలాంటిది. సిటీలో వారం తిరక్కుండా కనిపెడతారు. అక్కడివాళ్లు ముప్పై ఏళ్ల మగాళ్లు, మనిషికి నూరు కిలోలు.

ఒక్క ఏడాది చాలు. రోజూ ఎవరైనా దగ్గర నిలబడి కుడివైపు వందసార్లు తిప్పిస్తే సరిపోతుంది. వీడింకా పండలేదు. చెప్పాల్సిన మాట అదే, అక్షరం పొల్లుపోకుండా ఆ ముసలివాడు చెప్పిన మాటే. ఆ మాట తన నోటితో అంటే కుర్రాడు ఇక్కడే ఉంటాడు, ఆడతాడు. వచ్చే మార్చికి లోర్న్ బకానన్ కప్పు ఎత్తి పట్టుకుని మనవడి పక్కన ఫొటో దిగుతాడు. ఆ కప్పు కూడా అద్దాల బీరువాలోకి చేరుతుంది. అది తలుచుకోగానే వాసిల్ నోరు చేదెక్కింది.

పదకొండింటికి కసరత్తు ముగించుకుని రీస్ వచ్చాడు. జుట్టు తడిగా ఉంది, చెంపలు ఎర్రగా కందాయి. పైకి ఎదిగాడే గాని గడ్డం ఇంకా సరిగ్గా రాలేదు.

"బాబాయ్, తాతయ్య నిన్నే అడగమన్నాడు."

"కూర్చో."

"కూర్చోలేను బాబాయ్. చెప్పెయ్."

వాసిల్ కుడి స్కేటును దీపం కింద అటూ ఇటూ తిప్పాడు, ఏదో లెక్క చూస్తున్నట్టు. "వెళ్లు," అన్నాడు. "ఇక్కడ నువ్వు నేర్చుకోవాల్సిందేం లేదు."

"నిజంగా? కుడివైపు తిరిగేటప్పుడు నాకే ఎక్కడో కొంచెం..."

"ఎవరన్నారు? మీ తాతా?"

"లేదు, నాకే అనిపిస్తుంది."

"భయపడేవాడికి అన్నీ అనిపిస్తాయి," అన్నాడు వాసిల్. అతని గొంతు వణకలేదు. అతనికే ఆశ్చర్యమేసింది. "సిటీకి పాత ఇనుముతో వెళ్తావా? ఆగు, కొత్త బ్లేడులు బిగిస్తా."

పాతవాటిని ఊడదీసి బల్లమీద పడేశాడు. కొత్తవి బిగించి, నాలుగు అంచులూ సమంగా సానపట్టాడు. అతని జీవితంలో అంత శుభ్రంగా సానపట్టిన బ్లేడులు లేవు. కుర్రాడు వంగి అతన్ని కావలించుకుని, "నీ మేలు మర్చిపోను బాబాయ్," అన్నాడు. తడిజుట్టు వాసిల్ చెంపకు చల్లగా తగిలింది. అతను చేతులు పక్కకే ఉంచుకున్నాడు.

నాలుగింటికి పై గదిలో సంతకాలయ్యాయి. అయిదింటికి క్లబ్బు మనిషి కారు వెనక గుమ్మం దగ్గరికి వచ్చింది. డోరీన్ డబ్బానిండా బంగాళాదుంప కూరిన పైరోగీలు పెట్టి, "దారిలో తిను, అక్కడ అన్నీ గడ్డే పెడతారు," అంటూ ముక్కు చీదుకుంది. రీస్ అద్దం దించి చెయ్యి ఊపాడు. కారు కదిలింది. సస్కాచివాన్ మైదానంలో వెళ్లిపోయేవాళ్లు చాలాసేపు కనిపిస్తారు. డోరీన్ లోపలికి వెళ్లిపోయింది. లోర్న్, వాసిల్ మిగిలారు. వాసిల్ ముసలాయన ముఖంకేసే చూస్తున్నాడు. పగలంతా అతను ఎదురుచూసింది ఆ ముఖం కోసమే. అది కూలడం చూడాలి.

లోర్న్ కళ్లు తుడుచుకున్నాడు. ముఖం కూలలేదు, తేలికపడింది.

"వాడికి కుడివైపు తిరగడం రాదేమోనని నా భయం. నా కళ్లు పోయాయి, సరిగ్గా ఆనడంలేదు. ఇనుములో ఉంటే నువ్వు పట్టేసేవాడివి. నువ్వు వెళ్లమన్నాక నాకు నిద్రపట్టుద్దిరా."

వాసిల్ చూపు దూరంగా పోతున్న కారు మీదికి మళ్లింది.

"నీకూ అదే ఉండేది, తెలుసా? కుడివైపు. అందుకే ఆ ఏడాది నిన్ను ఆపాను. పద్దెనిమిదేళ్లవాడికి లోపం మొహాన చెబితే కుంగిపోతాడనుకున్నా. నేనే మెల్లిగా సరిచేద్దామనుకున్నా. అలాగే అలాగే అని సీజను గడిచిపోయింది. దెబ్బ తగిలాక చెబితే నీదే తప్పన్నట్టుంటుంది. ఎలా చెప్పను?" ముసలాయన అతని భుజంమీద చెయ్యివేశాడు. ముప్పై ఎనిమిదేళ్లలో అదే మొదటిసారి. "నేను చేయలేని పని నువ్వు చేశావు. వాడికి నిజం చెప్పావు."

"అబద్ధం," అన్నాడు వాసిల్.

"ఏంటి?"

"మీరు చెప్పేది అబద్ధం. కప్పుకోసం ఆపారు మీరు."

లోర్న్ అతని భుజంమీంచి చెయ్యి తీసి, "పోనీలేరా, అలాగే అనుకో," అని కోటు గుండీలు పెట్టుకుంటూ ముందు గుమ్మంవైపు నడిచాడు.

వాసిల్ గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నాడు. ఒక అడుగు, ఒక ఈడ్పు. స్టూలు ఎక్కలేక, చీపురుకర్రతో మేకు మీది స్కేట్లను కిందికి లాగాడు. నూనెగుడ్డ ముడి గట్టిపడిపోయింది, పళ్లతో విప్పాడు. గుడ్డ విప్పుతున్నంతసేపూ ఆ ముసలివాణ్ణి తిడుతూనే ఉన్నాడు. అబద్ధాలకోరు, దొంగ, ఇప్పుడు కల్పించాడు. కుడి స్కేటు తిరగేశాడు. లోపలి అంచు గుండ్రంగా అరిగిపోయి ఉంది. వెలుపలి అంచుమీద బొటనవేలి గోరు పెట్టి అడ్డంగా లాగాడు.

ముప్పై ఎనిమిదేళ్ల కింద సానపట్టిన అంచు. గోరుమీద తెల్లటి పొడి లేచింది.

చాలాసేపటికి ఫోను తీశాడు. కుర్రాడి నంబరు తెలుసు. సంతకాలు అయిపోయాయి, కారు ఈపాటికి చాలా దూరం పోయి ఉంటుంది. ఇప్పుడు చెప్పాలంటే ముసలాయనకీ చెప్పాలి. భుజంమీద పడిన ఆ చెయ్యికి చెప్పాలి. వాసిల్ ఫోను జేబులో పెట్టేసుకుని, కోటు తొడుక్కుని, దీపం ఆర్పడం మర్చిపోయి బయటికి నడిచాడు.

బల్లమీద రీస్ వదిలివెళ్లిన పాత బ్లేడులు రెండు దీపం కింద అలాగే పడి ఉన్నాయి, కుడికాలిదాని వెలుపలి అంచు కొత్తదానిలా మెరుస్తోంది.