డబ్బాలో కార్డు లేదు

వీడియో ఆటల కంపెనీ వాళ్లు తప్పు చేశారు. పోనీ, చేసి ఊరుకున్నారా? కొత్త ఆటను ఎప్పటిలా ఆటపెట్టెలో దూర్చే చిన్న కార్డు మీద కాకుండా, ఇంటర్నెట్‌లో దించుకోమని కోడ్ అచ్చేసిన చీటీ మీద అమ్మారు. జనం అంత అందమైన డబ్బా విప్పి, లోపల చీటీ ముక్క చూసి మండిపడ్డారు. "మాదేం లేదు, దుకాణాల వాళ్లే అలా అడిగారు" అని కంపెనీ చేతులు దులుపుకుంది. దుకాణాల వాళ్లు ఆ మాట విని నోరెళ్లబెట్టారు.

ఆ కంపెనీలో కస్టమర్ల ఫోన్లెత్తే గదిలో, దుకాణాల వాళ్లే అడిగారన్న మాటను పొద్దుటి నుంచి చిలకలా అప్పజెబుతోంది అక్క. అందరికంటే ముందు చేరింది కాబట్టి ఆఫీసులో అందరికీ అక్కే. మేనేజరు కాగితం మీద రాసిచ్చిన మాట అది. పైగా ఫోన్లన్నీ రికార్డవుతాయి.

ఆ చీటీ మీద అక్కకు సొంత కోపం కూడా ఉంది. ఆవిడకు ఒక తమ్ముడున్నాడు. అమ్మ కుట్టుమిషను ఎవరింట్లో ఉండాలన్న దగ్గర మాటా మాటా పెరిగి, ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. "నీ నంబరుకి మళ్లీ చేస్తే ఒట్టు!" అని వెళ్లిపోయాడు వాడు. కానీ ఇద్దరూ కలిసి ఇల్లు కట్టే పాత ఆట కార్డు మాత్రం మరదలి చేతిసంచీలో ఈ ఇంటికీ ఆ ఇంటికీ తిరుగుతూనే ఉండేది. ఆట ఎంతవరకు వచ్చిందో ఆ కార్డులోనే ఉంటుంది. వాడు గోడలు కడితే ఈవిడ మొక్కలు నాటేది. ఒకసారి కార్డు పెట్టి చూస్తే, ఆటలోని ఇంటి వాకిట్లో ఆవిడ కోసం కుర్చీ వేసి, పక్కన దీపం వెలిగించి ఉంది. ఆ రోజు అక్క వంటింట్లోకి వెళ్లి కాసేపు ఏడ్చింది. మొన్నటితో ఆ ఇల్లు పూర్తయింది. కొత్త ఆటకేమో కార్డే లేదు. ఒక కోడ్ ఒక్కరికే పనిచేస్తుంది. ఇక మరదలు ఏం పట్టుకొస్తుంది?

"ఎవడో పొద్దుట్నుంచి ఫోన్ చేసి, నా గొంతు వినగానే పెట్టేస్తున్నాడక్కా," అంది పక్క సీటమ్మాయి.

"నాకూ అంతే," అంది ఇంకో అమ్మాయి.

ఇంతలో అక్క ఫోన్ మోగింది.

"నమస్కారమండీ, చెప్పండి."

అవతల నుంచి మగగొంతు వినిపించింది.

"డబ్బాలో కార్డు లేదండీ."

ఆ గొంతు ఆవిడ ఎత్తుకుని పెంచిన తమ్ముడిది. అక్క కాగితం వైపు చూసి, "అదేంటంటేనండీ, దుకాణాల వాళ్లు..." అని ఆగిపోయింది. వాడితో అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"ఎవరూ అడగలేదు. మా కంపెనీయే చేసింది, ఖర్చు కలిసొస్తుందని."

"నేనూ మా అక్కా ఒకే కార్డుతో ఆడుకునేవాళ్లమండీ. ఇప్పుడు తనకి ఏం పంపమంటారు?"

"పొద్దుట్నుంచి చేస్తోంది నువ్వేనా?"

"నువ్వెత్తేదాకా చేద్దామనుకున్నా. నీ నంబరుకి చెయ్యనని ఒట్టు పెట్టుకున్నాగా. ఇది కంపెనీ నంబరు."

అక్కకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. "వెధవా," అంది. ఆ మాట కూడా కంపెనీ రికార్డులోకి ఎక్కింది. "ఏమీ పంపకు. నువ్వే రా."

ఫోన్ పెట్టేసరికి వెనకాల మేనేజరు నిలబడి ఉన్నాడు.

"కస్టమర్‌కి ఏం చెప్పారు?"

"రాత్రికి భోజనానికి రమ్మన్నానండీ."

ఆయన తేరుకునేలోపు ఫోన్ మళ్లీ మోగింది. అక్క కళ్లు తుడుచుకుని, కాగితం బోర్లించి ఎత్తింది.

"అవునండీ, కార్డు ఉండదు. దుకాణాల వాళ్లని ఏమీ అనకండి. మేమే తీసేశాం."