గిన్నె అడుగు పప్పు

"ఈ పొద్దు గూడా ఉండలు కట్టింది సుజనా," అన్నాడు ఈరేష్, సీసా మూత తీసి లోపలికి చూస్తూ.

సుజన సీసా అందుకుని మళ్ళీ ఊపింది. ముందు నీళ్ళు పోయాలి, తర్వాత పొడి వేయాలి, మూత బిగించి గట్టిగా ఊపాలి. అన్నీ చేసింది. పెనం మీద జొన్నరొట్టె మాడుతోందని నాలుగు ఊపులు తక్కువ ఊపింది, అంతే. ఆలూరులో జిమ్ము తెరిచినప్పటి నుంచి ఆమె మొగుడు సెల్‌ఫోన్ల దుకాణానికి పోయేముందు ఓ గంట అక్కడికి వెళ్ళి వస్తున్నాడు. ప్రొటీన్ పొడి డబ్బా బీరువాలో, అతని చొక్కాల పక్కన ఉంటుంది. దాని మీది ఇంగ్లీషంతా చదివి ఏ పొద్దు ఎన్ని చెంచాలో చెప్పింది సుజనే. కలిపేదీ, సీసా కడిగేదీ ఆమే. రుచి మాత్రం తెలియదు.

ఆ పని కాగానే ఆమె బడికి పోవాలి. ప్రైవేటు బడిలో ఆటల టీచరమ్మ. పేరుకు ఆటలే గానీ, తల్లిదండ్రుల మీటింగు రోజున టీ అందించేదీ, రాని టీచర్ల క్లాసులో పిల్లల్ని అదిలించేదీ ఆమే. "మీకేం మేడమ్, విజిలు ఊదేదే కదా పని," అంటాడు కరస్పాండెంటు, నవ్వుతూనే. కర్నూలులో ఇంటర్ చదివే రోజుల్లో నాలుగు వందల మీటర్ల పరుగులో ఆమెను దాటినవాళ్ళు కాలేజీలో లేరని ఆయనకు తెలియదు. నాలుగేళ్ళ కిందట పెళ్ళయ్యాక ఆమెకే ఆ సంగతి సగం మరుపున పడింది.

టీచర్లకు రెండు నెలల్లో జిల్లా పోటీలు పెడుతున్నారని నోటీసు వచ్చింది. సుజన ఎవరినీ అడక్కుండా పరుగుకు పేరు రాసిచ్చింది. సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక బడి మైదానంలో పరుగెత్తడం మొదలుపెట్టింది. వారం తిరక్కముందే, మూడో మలుపు దగ్గర కళ్ళు బైర్లు కమ్మి ఎర్రమట్టిలో కూలబడింది.

ఇంటికొచ్చి, "ఆ పొడి నాకొక చెంచా ఇస్తావా?" అని అడిగింది ఈరేష్‌ను.

"నీకా?" అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అది కండలు పెంచేది సుజనా. ఆడోళ్ళు తాగితే మీసాలు మొలుస్తాయి."

అత్త రామేశ్వరమ్మ గడప మీద కూర్చుని శనగకాయలు ఒలుస్తోంది.

మరుసటి రోజు బడి నుంచే నిస్సీకి ఫోను చేసింది సుజన. కాలేజీలో పక్క లైన్లో పరుగెత్తిన మనిషి. ఇప్పుడు కర్నూలులో ఆడపిల్లలకు పరుగు నేర్పుతోంది. మీసాల సంగతి వినగానే నిస్సీ పడీ పడీ నవ్వింది.

"అది పాల పొడే మే. పాలు విరిగితే పైన తేట నీళ్ళు తేల్తాయే, వాటిని ఎండబెట్టిందే ఆ పొడి."

"ఆ నీళ్ళు మా అత్త బర్రె కుడితిలో పోస్తాది."

"పోస్తే ఏ బర్రెకైనా మీసాలొచ్చినాయా? సరే గానీ, నిన్న పొద్దున్నుంచి ఏం తిన్యావో వరసగా చెప్పు."

సుజన నోరు తెరిచింది. ఈరేష్ తిన్నది చెప్పగలదు: రెండు గుడ్లు, మూడు రొట్టెలు, గట్టి పప్పు, గడ్డపెరుగు. అత్త తిన్నదీ చెప్పగలదు. తను తిన్నది ఎంత వెతికినా గుర్తు రావడం లేదు. నిలబడే తిన్నట్టుంది. పెళ్ళైన కొత్తలో రామేశ్వరమ్మ తన చేతికి గరిటె ఇచ్చి, "మగోనికి అడుగునుంచి వెయ్యల్ల, మనకు పైన తేలింది చాలు," అని నేర్పింది. కష్టం పెట్టాలని కాదు, ఆవిడకు ఆవిడ అత్త నేర్పిన లెక్కనే నేర్పింది. ఆ పైన తేలినది పసుపు నీళ్ళే, అందులో పప్పు బద్దలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఈరేష్ గుడ్లు తెస్తే రెండే తెస్తాడు. పెరుగు చివరికి మజ్జిగవుతుంది, మజ్జిగ మరీ పలచనై తన దగ్గరికి వస్తుంది. నాలుగేళ్ళుగా ఈ ఇంట్లో ఎవరెవరికి ఏది ఎంత కావాలో తలలో పెట్టుకుని తిరిగిన మనిషికి, ఆ జాబితాలో తన పేరు లేదన్న సంగతి ఇప్పుడే కనబడింది.

"మిగిలింది తిన్యా," అంది చివరికి.

"మిగిలింది అనేది ఏం కూర మే?" అంది నిస్సీ. నవ్వలేదు ఈసారి. "విను. ప్రొటీన్ అంటే ఒకటే సరుకు కాదు. గోడకు రకరకాల రాళ్ళు కావల్ల గదా, అట్లాంటిది. తొమ్మిది రకాలు ఒంట్లో తయారు కావు, తిండిలోనుంచే రావల్ల. ఒక రకం తక్కువైతే మిగతావి ఉండీ గోడ లేవదు. జొన్నలో తక్కువుండేది పప్పులో ఉండాది, పప్పులో తక్కువుండేది జొన్నలో ఉండాది. రెండూ కలిపి తినల్ల. గుడ్లలో, పాలల్లో అన్నీ ఉంటాయి. పొడి మంచిదే, అదే కావల్లని ల్యా. పూట పూటా నీ పళ్ళెంలోకి గట్టి పప్పు రావల్ల. అది మాత్రం నువ్వే వేసుకోవల్ల."

ఆదివారం మధ్యాహ్నం సుజన మూడు పళ్ళాలు పెట్టింది. తనే కొనుక్కొచ్చి ఉడికించిన గుడ్లు ఆరు. పప్పుగిన్నె మధ్యలో పెట్టి, తనూ కూర్చుంది.

ఈరేష్ ఆమె వైపు, గిన్నె వైపు చూశాడు. "వడ్డించేదెవరు?"

"గిన్నె మధ్యలోనే ఉండాది కదప్పా."

ఆమె గరిటె అడుగుదాకా దించి తన రొట్టె పక్కన పప్పు వేసుకుంది. దొంగతనం చేస్తున్నట్టు అనిపించింది. మరో గరిటె అత్త పళ్ళెంలో వేసింది. రామేశ్వరమ్మ పళ్ళెం దగ్గరికి లాక్కుంది. బావిలోంచి నీళ్ళు తోడీ, బర్రెల్ని మేపీ, బొమికలు తేలిన చేతులు ఆమెవి. ఒక ముద్ద తిన్నది. రెండో ముద్ద తిన్నది. తర్వాత పళ్ళెం కోడలి వైపు జరిపింది.

"ఇంగొంచెం వెయ్. అడుగునుంచి," అంది.

ఈరేష్ గుడ్డు ఒలుచుకున్నాడు. మర్నాడు పొద్దున సుజన తిని లేచేలోగా అతనే సీసా ఊపుకున్నాడు. ఉండలు కట్టిందో లేదో ఎవరికీ చెప్పలేదు.

నలభై రోజులు గడిచాయి. ఇప్పుడు మూడో మలుపు దగ్గర సుజన కాళ్ళు ఆమె మాట విన్నాయి. పోటీల ముందు రోజు, "రేపు కర్నూలుకు పోతాండా," అని చెప్పింది. అడగలేదు, చెప్పింది.

"మధ్యాన్నం మాకు?" అన్నాడు ఈరేష్.

"నేను చేస్తాలే," అంది రామేశ్వరమ్మ. "నాకేం చేతులు ల్యావా?"

సుజన రెండో స్థానంలో వచ్చింది. ముందొచ్చిన ఎమ్మిగనూరు టీచరమ్మ గీత దాటగానే వెనక్కి తిరిగి, "ఇంగో పది అడుగులుంటే నువ్వే దాటేదానివి," అంది. నిస్సీ పరుగున వచ్చి కావలించుకుంది. మొదట వచ్చిన ఇద్దరూ రాష్ట్ర పోటీలకు పోవచ్చని చెప్పింది. సుజన చెమట తుడుచుకోకుండా ఎండలో అట్లాగే నిలబడింది, ఆ అలసట తనదేనని, ఇంకెవరి పనివల్లా వచ్చింది కాదని తెలుస్తూ ఉంటే.

మైదానం ఎదుటి హోటల్లో సుజన, నిస్సీ కూర్చున్నారు. సర్వరు వచ్చి సుజనను అడిగాడు, ఏం కావాలని. 'ఏదుంటే అది' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె గోడ మీది పట్టిక పైనుంచి కిందిదాకా, తొందర లేకుండా చదివింది.

"రెండు గుడ్ల ఆమ్లెట్. పప్పు, రొట్టెలు. గడ్డపెరుగు వేరే గిన్నెలో."

ఆమ్లెట్ పొగలు కక్కుతూ వచ్చింది. మొదటి తునక నోట్లో పెట్టుకునేసరికి ఫోను మోగింది. ఈరేష్.

"యాడుండావు? నా నీలం చొక్కా కనపడదు, యాడ పెట్టినావు?"

సుజన నింపాదిగా నమిలి మింగింది.

"తింటాండానప్పా," అంది. "అయినాక నేనే ఫోను చేస్తా."