బాల్ అనకూడని ఇల్లు

పొద్దున్నే టీ తాగి, పొగడబ్బాలో ఎండుపేడ రాజేసుకుని తేనెపెట్టెల దగ్గరికి వెళ్లడం పెద్దకోడలు జైనేష్‌కు పద్దెనిమిదేళ్ల అలవాటు. ఆల్తాయ్ కొండవాలున నలభై పెట్టెలు. పేరుకు అత్తగారివి, చాకిరీ మాత్రం ఈవిడది.

అత్తగారి పేరు బాల్‌జాన్. మా కజకుల్లో కోడలు అత్తింటి పెద్దల పేర్లు పలకదు. బాల్ అంటే తేనె. అందుకని అంత తేనె పండే ఇంట్లో కోడళ్లు మాత్రం ఆ మాట నోట రానివ్వరు. జైనేష్ కాపురానికొచ్చిన రోజే దానికి "పచ్చది" అని పేరు పెట్టేసి ఊరుకుంది.

రెండేళ్ల కిందట చిన్నకోడలు మెరుయెర్త్ వచ్చింది. ఆ పిల్ల నోరు ఊరుకోదు. ఒక పెట్టె మీద చెయ్యేసి "ఇందులోది ఎండపొడ" అంది. ఆ తేనె ఉన్న గదిలో ఇక దీపం అక్కర్లేకపోయింది. ఇంకోదాన్ని "తొలివాన" అంది. అది చెంచాడు తింటే జుట్టు తడిసేది. ఊళ్లోవాళ్లు తువ్వాళ్లు వెంట తెచ్చుకుని మరీ కొనుక్కుపోయారు.

జైనేష్‌కు ఒళ్లు మండిపోయింది. పైగా అత్తగారికి మోకాళ్లు పట్టేశాయి. చలికాలానికి పెట్టెలు కొండ దించేనాడు పొగడబ్బా ఒక కోడలికి ఇచ్చేస్తానంది. అది ఎవరి చేతిలో ఉంటే పెట్టెల పెత్తనం వాళ్లది. రెండో కోడలికి ఆవులూ, వంటిల్లూ.

"ఈగలతో కుట్టించుకున్నది నేను, పేరు దానికా!" అని జైనేష్ మొగుడి దగ్గర ఏడ్చింది.

"నువ్వూ ఒక పేరు పెట్టరాదూ?" అన్నాడాయన, బూట్లు తొడుక్కుంటూ.

పెట్టింది. చివరి పెట్టెకు "వెన్నెల" అని. పదిరోజులకు తీస్తే నోట పెట్టలేనంత పులుపు.

"పేరు పెట్టేటప్పుడు నా పెట్టెల వంక కుళ్లుగా చూశావా అక్కా?" అంది మెరుయెర్త్. నవ్వలేదు కానీ, నవ్వినంత పని చేసింది.

కొండ దించే రోజు వచ్చింది. మెరుయెర్త్ ఏడు సీసాలు వరసగా పేర్చింది. జైనేష్ తన పెట్టె ముందు ఉత్తచేతులతో నిలబడి, ఇక ఉండబట్టలేక మూత మీద ఒక్కటిచ్చింది.

"పచ్చదీ కాదు, వెన్నెలా కాదు! బాల్! బాల్! బాల్!"

అని, నాలుక కరుచుకుంది. బండి అవతల ముక్కాలిపీట మీద అత్తగారు!

"ఆఁ, వస్తున్నా!" అని పదేళ్ల పిల్ల గొంతుతో జవాబొచ్చింది. బాల్‌జాన్ కర్ర లేకుండానే నడిచొచ్చింది.

"తప్పయిపోయింది అత్తమ్మా..."

"చిన్నప్పుడు మా అమ్మ అలాగే పిలిచేదే. ఆవిడ పోయాక ఎవరూ పిలవలేదు." ఆవిడ కళ్లు తుడుచుకుని పెట్టె మూత తీసింది. లోపలి తేనెలో వెలుగూ లేదు, వానా లేదు. తేనె రుచి ఒక్కటే ఉంది, కడుపు నిండేంత. వేలు రెండుసార్లు నాకి, పొగడబ్బా పెద్దకోడలి చేతిలో పెట్టింది.

మెరుయెర్త్ ఆ పూట రొట్టె ముట్టలేదు. అసూయ ఆ కోడలిని వదిలి ఈ కోడలిని పట్టుకుంది. మర్నాడు పొద్దున్నే పెట్టెల చాటున కూర్చుని, మెల్లిగా "బాల్" అని చూసింది. తేనెటీగ ఒక్కటి కూడా తల తిప్పలేదు.

కంచె అవతలినుంచి అత్తగారి గొంతు వినిపించింది.

"నోరు మూసుకో పిల్లా. ఆ మాట అనాలంటే నీకింకా పదహారేళ్ల చాకిరీ ఉంది."