లేపని తోడు

మా అమ్మ గున్నమ్మ నమ్మకాలంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. దానికి తోడు ఆ ఏడు గుణుపురంలో బి.ఎడ్. చదువుతున్నాను, ఇంక నన్ను పట్టేవాళ్లెవరు? పిల్లలు ఏ వయసులో ఎలా మారతారో మా సైకాలజీ పుస్తకంలో మెట్లు మెట్లుగా రాసి ఉండేది. ఒకాయన నాలుగు మెట్లన్నాడు, ఇంకొకాయన ఎనిమిదన్నాడు. నేను రెండూ బట్టీపట్టాను.

కాలేజీలో ఒక్కొక్కరూ ఒక పిల్లనో పిల్లాడినో ఎంచుకుని, ఏడాదిపాటు గమనించి కేస్ స్టడీ రికార్డు రాయాలి. నేను మా అన్నయ్య అప్పలరాజు కూతురు ధరణిని ఎంచుకున్నాను. దానికి పన్నెండేళ్లు. తల్లి పోయిన దగ్గర్నుంచి నా పక్కలోనే పడుకునేది. నెలనెలా గోడకి నిలబెట్టి ఎత్తు కొలిచేదాన్ని, అలకలూ కోపాలూ అన్నీ రాసేదాన్ని.

జూలైలో అది పెద్దమనిషి అయింది. అమ్మ ధాన్యం గదిలో ఒక మూల తాటాకు చాప వేసి, అడ్డంగా రోకలి పెట్టి, పసుపు రాసి కూర్చోబెట్టింది. పదకొండు రోజులు అక్కడే ఉండాలి. పక్కన ఇంకా ఈడేరని చిన్నపిల్ల ఒకతె తోడు కూర్చోవాలి. ఆఖరి రోజు ముందు తోడుని పేరు పెట్టి లేపాలి, తర్వాతే పెద్దమనిషైన పిల్లని. మా చుట్టాల్లో ఆ ఈడు ఆడపిల్లలు లేరు. అందుకని అమ్మ పక్కన ఇంకో చాప వేసి, దాని మీద మడతపెట్టిన పరికిణీ ఒకటి ఉంచింది. ధరణితో పాటు ఆ చాప ముందు కూడా నువ్వులూ బెల్లం దంచిన చిమ్మిలి ఒక ముద్ద పెట్టేది.

అయిదో రోజు ధరణికి బడిలో లెక్కల పరీక్ష. అమ్మ పొలానికి వెళ్లిన సమయం చూసి నేను దాన్ని లేపి, తలంటి, యూనిఫాం తొడిగి బడికి పంపేశాను. రికార్డులో 'మూఢాచారం నుంచి విముక్తి' అని ఎర్ర సిరాతో రాసి, కింద గీత కూడా గీసుకున్నాను.

అమ్మ వచ్చి గది చూసి చతికిలబడింది.

"తోడుని లేపినావేటి?"

"పరికిణీని ఏటని లేపుతారమ్మా? పేరుందా దానికి?"

"నవ్వకే అమ్మీ. కూకోబెట్టినామంటే కూకున్నట్టే."

ఆగస్టులో ధరణి ఎత్తు నూట నలభై ఒక్క సెంటీమీటర్లు. సెప్టెంబరులోనూ అంతే. ఈ వయసులో పిల్లలు ఉన్నట్టుండి పొడుగెదుగుతారని పుస్తకం ఘోషిస్తోంది, ఇది మాత్రం అంగుళం కదలదు. జుట్టు పెరగలేదు, గోళ్లు తీయాల్సిన పని పడలేదు. అలకలు కూడా పోయాయి. చెప్పినమాట వింటూ మెత్తగా తిరిగేది. జనవరి దాకా అవే అంకెలు చూసి, కొలవకుండా రాసేస్తున్నావా అని మా మేడమ్ రికార్డు నా మొహాన కొట్టింది. గుణుపురం డాక్టరు రక్తపరీక్షలన్నీ చేయించి ఏ లోపమూ లేదన్నాడు. నాకు భయం మొదలైంది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ధరణి ధాన్యం గది గుమ్మంలో కూర్చుని లోపలికి మాట్లాడుతోంది.

"ఎవరితోనే?"

"తోడుతో. అది నాకన్నా పెద్దదయిపోనాది, అత్తా. నిన్న దానికీ కడుపునొప్పి వచ్చినాది."

నేను లోపలికి వెళ్లాను. ఆ చాపలు తీసి నెలలయింది. ధరణి కూర్చున్న చోట గోడ మీద తల ఆనిన నూనె మరక ఒకటుంది, ఎండి వెలిసిపోయింది. పక్కన, ఎవరూ కూర్చోని చోట, ఇంకో మరక. అది నేల దగ్గర్నుంచి కాదు, ధరణి తల ఎత్తున మొదలై, ఒకదాని మీద ఒకటి ఏడు మరకలుగా పైకి పోయింది. అన్నిటికన్నా పై మరక ముట్టుకుంటే నా వేళ్లకి నూనె అంటింది. టేపు పెట్టి కొలిచాను. కూర్చున్న ఎత్తుని బట్టి నిలువెత్తు లెక్కకట్టడం మాకు నేర్పారు. నూట యాభై మూడు వచ్చింది.

వెళ్లి అమ్మకి చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు, అందుకే నాకు ఇంకా భయమేసింది.

"నువ్వే లేపాల, మజ్జిలో ఇడిచీసినదానివి. పేరు పెట్టి పిలు. ఏ పేరెడితే ఆ పేరుతో ఒస్తాది, సూసుకుని పెట్టు."

ఆ శుక్రవారం పొద్దున అమ్మ హారతి పళ్లెం పట్టుకుంది. అన్నయ్య వీధి గుమ్మంలో నిలబడ్డాడు. ధరణి నా చెయ్యి పట్టుకుని ఉంది. రాత్రంతా ఒక పేరు ఆలోచించి పెట్టుకున్నాను, నీలవేణి అని. గది తలుపు తీసేసరికి లోపల్నుంచి పసుపూ చిమ్మిలీ కలిసిన వాసన గుప్పున కొట్టింది. నోరు తెరిచాను. ఏడాదిగా ప్రతి పేజీ మీదా రాసిన పేరే బయటికొచ్చింది.

"ధరణీ, లెగు అమ్మీ."

అమ్మ పళ్లెం గలగలమంది. పక్కనున్న పిల్ల తననే అనుకుంది పాపం, చెప్పినమాట వినే పిల్ల కదా. "ఒస్తన్నానత్తా" అంటూ నా చెయ్యి వదిలి లోపలికి వెళ్లిపోయింది. పట్టుకోబోయాను, అందలేదు.

కొంతసేపటికి ధరణి బయటికి వచ్చింది. గౌను మోకాళ్లు దాటి పైకి పోయింది, మణికట్లు గౌను చేతుల్లోంచి బయటికి వచ్చేశాయి. అన్నయ్య కళ్లనీళ్లు పెట్టుకుని నా బంగారం ఎదిగిందన్నాడు. అమ్మ హారతిచ్చి, గదికి తాళం వేసింది. నేను కొలిచాను. నూట యాభై మూడు. ఆ తర్వాత రికార్డుకి మేడమ్ వందకి ఎనభై మార్కులిచ్చింది.

హారతిచ్చిన రోజు సాయంత్రం పక్క దులుపుతుంటే అది నా దగ్గరికి వచ్చి నిలబడింది. అదే మొహం, అదే పుట్టుమచ్చ. ఇంట్లో సామానంతా ఒక్కొక్కటే చూసి, నన్ను చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"నిన్నేటని పిలవాల?"

తాళంచెవి అమ్మ కొంగునే ఉంది. అడిగితే ఇచ్చేది. తలుపు తీస్తే లోపల నూట నలభై ఒకటి ఎత్తు పిల్ల నా కోసం చూస్తూ ఉంటుందని నాకు తెలుసు. ఉండకపోతే? ఉంటే ఈ పిల్లని ఏం చెయ్యాలి? నాకంత ధైర్యం లేకపోయింది.

"అత్త అను" అని చెప్పి, పక్కలో చోటిచ్చాను.